ఏడో నంబరులో గడ్డి తింటున్నారు

ఆ సోమవారం నేను చేయవలసిన పనులు ఇవి. పొద్దు పొడవకముందే గోల్ఫ్ మైదానం గ్రీన్ల మీద మంచు దులిపించాలి, తడి నిలిస్తే బూజు తెగులు వస్తుంది కాబట్టి. కోత యంత్రం బ్లేళ్లకు సాన పట్టించాలి. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తుంది, చీలినచోట రోగం చేరుతుంది. మూడో గ్రీన్‌లో నేల గట్టిపడింది, గాలి ఆడేట్టు మేకులు దించి తీయాలి. ఏడో గ్రీన్ మీద సబ్బునీళ్లు పోసి చూడాలి. మైదానంలోకి వచ్చిన కుక్కల్ని తోలాలి. వాటిలో ఎండీ గారి కుక్క ఉంటే దాన్ని మాత్రం తోలకూడదు. ఆఖరిది, మా నాన్నకు ఫోన్ చేసి నా ఉద్యోగం ఏమిటో ఇంకోసారి చెప్పాలి.

అన్నిటికన్నా కష్టమైనది ఆఖరిదే. మా నాన్న నలభై ఏళ్లు చేలో గరిక పీకాడు. ఆ పీకిన చేతుల మీదే నేను అగ్రికల్చర్ బీయెస్సీ చదివాను. మా ఇంట్లో డిగ్రీ కాగితం చూసిన మొదటి మనిషిని నేనే. ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు ఆయన అడిగాడు.

"ఏ పంటరా?"

"గరిక నాన్నా."

"పీకడానికా?"

"పెంచడానికి. దానికి పురుగు పడితే మందు కొట్టి బతికించడానికి."

"సరేలే," అన్నాడు నాన్న. "ఊళ్లో ఎవరికీ సెప్పకు."

నేను పనిచేసే చోటు పేరు తీరప్రాంత హరిత విహార అభివృద్ధి సంస్థ. సముద్రం ఒడ్డున పద్దెనిమిది గుంతల గోల్ఫ్ మైదానం దాని సొత్తు. బంతి పడవలసిన గుంత చుట్టూ తివాచీలా పొట్టిగా కోసి ఉంచే గడ్డిని గ్రీన్ అంటారు. అది మూడు మిల్లీమీటర్ల ఎత్తుండాలి. నాలుగుంటే సభ్యులు ఫిర్యాదు చేస్తారు. రెండుంటే గడ్డి ఫిర్యాదు చేస్తుంది, పసుపు రంగులో.

ఏడో గ్రీన్ పైడమ్మది. అంటే దాని మీద కలుపు తీసి, ఆకు ఏరి, కోసిన గడ్డి ఎత్తే పని ఆవిడది. ఆవిడకు ఒక ఆవుంది, పేరు సుక్క. కోసిన గడ్డిని పారేసే బదులు మూట కట్టుకుని తీసుకెళ్లి సుక్కకు వేసేది. నేను చేరిన కొత్తలోనే చెప్పాను, "మందు కొట్టినచోట గడ్డి ఆవుకు వెయ్యకమ్మా, నేను వెయ్యమన్నదాకా ఆగు" అని. ఆవిడ ఎప్పుడూ మాట దాటలేదు. ఇంటాయన పోయాడు. ఇద్దరు పిల్లల చదువు, ఆవిడ తిండి, మా సంస్థ ఇచ్చే కొలువు మీద సగమూ సుక్క ఇచ్చే పాల మీద సగమూ నడిచేవి. కొలువు పోతే గడ్డి పోతుంది, గడ్డి పోతే సుక్క పోతుంది. ఆవిడ బతుకు అలా ఒకే పలుపుకు కట్టి ఉంది.

సబ్బునీళ్లు పోశాను. పురుగుంటే ఊపిరాడక పైకి వస్తుంది. కాసేపటికి ఏడో గ్రీన్ మెల్లగా కదలడం మొదలుపెట్టింది.

"ఓలమ్మ," అంది పైడమ్మ. "ఇదేటి బాబూ, నేల నడుస్తన్నాది."

లద్దె పురుగులు. పగలు గడ్డి మొదట్లో దాక్కుని, చీకటి పడ్డాక మేస్తాయి. ఇంకా చిన్నవే. ఆ సాయంత్రం ఒక్కసారి మందు కొడితే సరిపోతుంది. మందు స్టోర్సులో ఉంది. దాన్ని బయటికి తియ్యడానికి ఒక్క కాగితం కావాలి.

సరిగ్గా ఆ వారమే మా సంస్థలో కొత్త నియమం వచ్చింది. ఇకపై కాగితాలన్నీ తెలుగులోనే ఉండాలి. అది మంచిదే, నాకు తెలుగే బాగా వచ్చు. దాంతోపాటు ఇంకో రెండు ఉన్నాయి. 'విషయం' ఐదు మాటలు దాటకూడదు, ఎందుకంటే పై అధికారులు అది దాటి చదవరు. కాగితంలో ఎక్కడా అమర్యాద ఉండకూడదు. ఈ మూడూ సరిచూడడానికి భాషా సమన్వయ అధికారిగా చయనులు గారిని వేశారు. నిండు మనిషి, ఎర్రసిరా పెన్ను, మెడలో రెండు కళ్లజోళ్లు.

నేను రాసుకెళ్లిన విషయం ఇది: 'ఏడో గ్రీన్‌లో లద్దె పురుగులు గడ్డి తింటున్నాయి'.

చయనులు గారు వేళ్ల మీద లెక్కపెట్టారు. "ఆరు మాటలు నాయనా. ఒకటి ఎక్కువైంది."

"ఏది తీసెయ్యమంటారండీ?"

"'లద్దె' అనే మాట ఎండీ గారి బల్ల మీదికి వెళ్లవచ్చునా? ఏనుగులూ గుర్రాలూ గుర్తొస్తాయి." కొట్టేశారు. "'పురుగులు'. ఇది తిట్టు. సంస్థ ప్రాంగణంలో ఉన్నవారిని పురుగులనడం మర్యాద కాదు." కొట్టేశారు. "'గ్రీన్' ఆంగ్లం. నంబరు అందాం."

"నంబరు కూడా..."

"అది మనలో కలిసిపోయింది. ఇక 'తింటున్నాయి'. ఎవరినైనా సరే 'అవి', 'ఇవి' అనకూడదని నియమం. 'తింటున్నారు'." ఎర్రసిరాతో దిద్ది, కాగితం దూరంగా పట్టుకుని మురిపెంగా చదివారు. "'ఏడో నంబరులో గడ్డి తింటున్నారు'. చూశావా, నాలుగు మాటలే. నీకు ఒకటి మిగిలింది కూడా."

కింద రెండు పేజీల్లో పురుగు జాతి, వయసు, మందు మోతాదు వివరంగా రాశాను. దాన్ని ఈనాటి వరకు ఎవరూ చదవలేదు.

కాగితం లోపలికి వెళ్లిన గంటకు స్టోర్స్ సూపరింటెండెంట్ ముత్యాలరావు గారు నన్ను వెతుక్కుంటూ మైదానంలోకి వచ్చారు. ఆయన గది నంబరు ఏడు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

"ఏమయ్యా, నీకు నా మీద కోపం ఏదైనా ఉందా?"

"లేదండీ. మందు ఇస్తే చాలు."

"మందు..." ఆయన గొంతు తగ్గించారు. "నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. సబ్బునీళ్లు పోస్తే బయటపడ్డాయి."

ఆయన మొహం పాలిపోయింది. ఏ నీళ్లు, ఎక్కడ పోశారు అని కూడా అడగలేదు. మర్నాడు పొద్దున్న స్టోర్సు వెనక, ఎప్పుడో పోయాయని రాసేసిన ఎరువు బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మీద ముగ్గొక్కటే తక్కువ.

ఆ వారమంతా మైదానానికి కలిసొచ్చింది. ఏడో నంబరు క్వార్టర్స్‌లో ఉండే ఇంజనీరు గారి పెరట్లోంచి మా నీటి పంపు ఒకటి తిరిగొచ్చింది. ఏడో నంబరు జీపు వాడే అధికారి, పోయిందనుకున్న కోత యంత్రాన్ని "రిపేరుకు పంపానయ్యా, మీరు మరిచిపోయారు" అంటూ దింపించారు. ఎండీ గారి కారు నంబరు కూడితే ఏడు వస్తుందట. మూడో రోజు ఆయన తోటలోని నీటి చిమ్ముడు గొట్టాలు మా షెడ్డు ముందు కనబడ్డాయి. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. వాళ్లే వచ్చి, "మనలో మన మాట, నా గురించి కాదుగా?" అని అడిగి వెళ్లేవారు. అన్నీ వచ్చాయి. పురుగు మందు తప్ప.

దాని బదులు విజిలెన్సు జోగారావు గారు వచ్చారు. పోలీసుశాఖలో చేసి రిటైరయ్యి మా సంస్థలో చేరిన మనిషి. ఏడో గ్రీన్ చుట్టూ పసుపు రిబ్బను కట్టించి, దాని బయట నిలబడి నన్ను పిలిచారు.

"ఫిర్యాదుదారు మీరేనా?"

"ఫిర్యాదు కాదండీ, వినతి. గడ్డి తింటున్నది పురుగులు." రిబ్బను దాటి వెళ్లి రెండు పట్టుకొచ్చి అరచేతిలో చూపించాను. ఆయన వంగి, చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

"తిన్నవి ఇవే కావచ్చును. వీటి చేత తినిపించినది ఎవరు?"

"ఎవరూ కాదండీ. ఆకలి."

"రాసుకోండి," అన్నారు పక్కనున్న గుమాస్తాతో. "ఆకలి అనే వ్యక్తి పాత్ర పరిశీలించవలెను."

"సార్, ఈ సాయంత్రమే మందు కొట్టాలి. నెలాఖరుకు టోర్నమెంటు ఉంది."

"కొడితే ఏమవుతుంది?"

"చచ్చిపోతాయండీ."

"విచారణ నడుస్తుండగా నిందితులను మట్టుబెడతానంటున్నారు. మీరు చదువుకున్నవారేనా?" అని ఆయన శాంతంగా అడిగారు. "అంతేగాక మిగిలిన గడ్డి సాక్ష్యం. దాని మీద నీళ్లు పడరాదు, కోత పడరాదు. సహజ న్యాయ సూత్రాల ప్రకారం వీరికి నోటీసు ఇచ్చి, పదిహేను రోజుల గడువులో సంజాయిషీ కోరవలెను."

"పోనీ నా కాగితం వెనక్కి తీసుకుంటానండీ."

"తీసుకోవచ్చును. అప్పుడు అది తప్పుడు ఫిర్యాదు అవుతుంది. దానికి వేరే నోటీసు ఉంది, మీ పేరు మీద."

నోటీసు ఒక కర్రకు అంటించి ఏడో గ్రీన్ నడుమ పాతారు. 'పదిహేను దినములలోగా తాము గడ్డి ఏల తినుచున్నారో లిఖితపూర్వకముగా తెలుపగలరు.' చయనులు గారు దిద్దిన కాగితం కాబట్టి మర్యాదకు లోటు లేదు. పురుగులు నోటీసు కింద నీడ బాగుందని అక్కడ కాస్త ఎక్కువగా చేరాయి.

నేను రోజూ రిబ్బను బయట నిలబడి చూసేవాణ్ణి. డాక్టరు చదువు చదివి, కిటికీలోంచి రోగిని చూస్తున్నట్టుండేది. పురుగులు లావయ్యాయి. ఏడో గ్రీన్ గోధుమ రంగుకు తిరిగింది. ఎనిమిదో గ్రీన్‌లో కూడా మచ్చలు కనబడ్డాయి. దానికి మందు అడిగితే, "ఎనిమిదో నంబరు మీద ఫిర్యాదు రాలేదు కదా" అన్నారు. రాస్తానంటే ఎనిమిదో నంబరు గదిలో కూర్చునే ఎకౌంట్సు ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు.

గడువు తీరకముందే పురుగులు మట్టిలోకి దిగి గూళ్లు కట్టుకున్నాయి. నోటీసు గడువు తీరిన సాయంత్రం, క్లబ్బు వరండా దీపం చుట్టూ బూడిదరంగు రెక్కల పురుగులు గుమిగూడాయి.

"ఇవేమిటి?" అన్నారు జోగారావు గారు, టీ కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటూ.

"ముద్దాయిలేనండీ. రెక్కలొచ్చాయి."

ఆయన దీపం వైపు చూసి గుమాస్తాకు చెప్పారు. "నిందితులు వేషం మార్చి పరారీలో ఉన్నారు."

పరారీ అయినవాళ్లతో ఫైలు మూయడం కుదరదట. ఫైలుకు పేరూ ఊరూ వేలిముద్రా ఉన్న మనిషి ఒకరు కావాలి. ఏడో నంబరు ఎవరి అజమాయిషీలో ఉందని వెతికితే, అన్ని ఏడో నంబర్లూ అప్పటికే శుభ్రపడి ఉన్నాయి. మిగిలింది పైడమ్మ.

విచారణకు ముందు ముత్యాలరావు గారు ఆవిడను పక్కకు పిలిచి, పెద్దమనసుతో సలహా ఇచ్చారు. "ఏమడిగినా తెలీదు అను. నేను ఇన్నేళ్లూ అలాగే నెగ్గుకొచ్చాను."

"తెల్దని ఎలాగంతానండి," అంది పైడమ్మ. "మూట కట్టింది నానే కదేటి."

గదిలో జోగారావు గారు, గుమాస్తా, సాక్షిగా నేను.

"ఏడో నంబరులో గడ్డి తినడం జరిగిందా?"

"జరిగిందండి."

జోగారావు గారు కుర్చీలో ముందుకు జరిగారు. ఇన్నేళ్ల కొలువులో ఆ జవాబు ఆయనకు మొదటిసారి వచ్చినట్టుంది. "ఎవరు?"

"మా సుక్కండి."

"సుక్క ఎవరు? ఎక్కడ ఉంటారు?"

"మా పాకలోనేనండి. ఆవండి అది."

"ఎవరి తరపున తిన్నది?"

"నా తరపునేననుకోండి. నాను ఎయ్యకపోతే దానికెవులు ఎడతారు?"

"ఎన్నాళ్ల నుంచి?"

"రోజూ తిన్నాదండి. ఈ బాబు మందు కొట్టినప్పుడు ఎయ్యొద్దంతారు. ఈపాలి మందే కొట్టనేదు కదా, మీరు రిబ్బను కట్టిందాకా ఎట్టినాను."

"సార్, అది కోసి పారేసే గడ్డి," అన్నాను.

"సాక్షి మధ్యలో మాట్లాడరాదు."

పైడమ్మ నా వైపు తిరిగింది. "మీరూరుకోండి బాబూ. అబద్దం సెప్పమంటే నాను సెప్పగలను గానీ, ఆవుకి నేర్పడం నా వల్ల కాదు."

గుమాస్తా చివర ఇలా రాశాడు: 'రోజూ తిన్నది. ఒప్పుకోవడమైనది.' పైడమ్మ వేలిముద్ర వేసింది. ఆ సాయంత్రమే ఆవిడను పనికి రావద్దన్నారు. గేటు దగ్గర కనబడితే అడిగాను, "సుక్కనేం చేస్తావమ్మా?" అని.

"సంత ఉంది కదండి," అంది. ఆవిడ అంత తక్కువ మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

తుది ఉత్తర్వు సంతకానికి కమిటీ కూర్చుంది. నడుమ ఎండీ గారు, చుట్టూ ఏడో నంబర్ల వాళ్లందరూ. ఫిర్యాదుదారుగా నన్నూ పిలిచారు. ఎండీ గారు పెన్ను మూత తీశారు. అదే సమయానికి టీ వచ్చింది. అందరూ కప్పులెత్తారు.

నాకు నిజంగానే ఒక సందేహం వచ్చింది. చదువుకునే రోజుల నుంచి సందేహం వస్తే చెయ్యెత్తడం అలవాటు.

"సార్, ఆవు తిన్నది పైడమ్మ తిన్నట్టేనా?"

"నిస్సందేహంగా," అన్నారు జోగారావు గారు. "దాన్ని ప్రతినిధి భక్షణ అంటారు."

"అయితే ఆ ఆవు పాలు తాగినవారు ఏమవుతారండీ?"

"లబ్ధిదారులు. శిక్ష సమానం."

"మన క్యాంటీన్‌కు పాలు పోసేది పైడమ్మే సార్. ఇవాళ పొద్దున్న పోసినవి కూడా సుక్కవే."

కప్పులన్నీ ఒక్కసారి బల్ల మీదికి దిగాయి. జోగారావు గారిది తప్ప. ఆయన నోట్లో అప్పటికే ఒక గుక్క ఉంది. మింగితే లబ్ధి పొందినట్టు. ఉమ్మితే సాక్ష్యం నాశనం చేసినట్టు. బుగ్గలు ఉబ్బించి ఆయన ఎండీ గారి వైపు చూశారు. ఎండీ గారు చయనులు గారి వైపు చూశారు.

చయనులు గారు కళ్లజోడు మార్చారు. "కంగారు అక్కర్లేదు. ఫిర్యాదులో ఉన్నది 'తింటున్నారు'. అది మనుషులకు వాడే క్రియ. ఆవు మనిషి కాదు. కనుక ఫిర్యాదు ఆవుకు వర్తించదు. ఆవు తప్పు లేకపోతే పాలలో తప్పు లేదు."

జోగారావు గారు మింగారు. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో బిస్కట్లు తెమ్మన్నారు.

"మరి పైడమ్మ తప్పు కూడా లేనట్టే కదండీ?" అన్నాను. "ఆవిడ చెప్పింది ఆవు సంగతే."

చయనులు గారు వాంగ్మూలం దగ్గరికి తీసుకుని చదివారు. మొహంలో కొంచెం బాధ కనబడింది. "'రోజూ తిన్నది' అని ఉంది. కర్త లేదు. మన భాషలో ఏకవచనంలో ఆడమనిషికీ ఆవుకూ క్రియ ఒకటే నాయనా. ఆమె తిన్నది, ఆవు తిన్నది. వ్యాకరణం ఇంతకన్నా ఏమీ చెప్పదు."

"కింద వేలిముద్ర మాత్రం ఆవుది కాదు," అన్నారు జోగారావు గారు.

ఎండీ గారు న్యాయంగా ఆలోచించే మనిషి. అనుమానం సగం ఉంది కాబట్టి శిక్ష కూడా సగమే అన్నారు. కొలువు తియ్యలేదు. తీర్మానం ఇలా వచ్చింది: సంస్థలో ఎవరూ గడ్డి తినలేదు. గడ్డి తినబడలేదు కనుక పురుగులు లేవు, పురుగులు లేవు కనుక మందు అక్కర్లేదు. పైడమ్మను మాత్రం ముందుజాగ్రత్తగా గడ్డి లేని చోటికి బదిలీ చేయడమైనది.

పద్దెనిమిది గుంతల గోల్ఫ్ మైదానంలో గడ్డి లేని చోటు కోసం నాలుగు రోజులు వెతికారు. చివరికి దొరికింది. బంతి పడితే ఆటగాడు తిప్పలు పడాలని గ్రీన్ల పక్కన ఇసుక గుంటలు తవ్వి ఉంచుతారు. ఏడో గ్రీన్ పక్క ఇసుక గుంటలో ఆవిడకు పోస్టింగు ఇచ్చారు. ఆటగాళ్ల అడుగులు పడినప్పుడల్లా పళ్లకర్రతో ఇసుక చదును చెయ్యాలి.

రెక్కల పురుగులు పదో గ్రీన్‌లో గుడ్లు పెట్టాయి. నేను ఈసారి విషయం మార్చి, 'పదో నంబరుకు ఆరోగ్యం బాగోలేదు' అని రాశాను. అయిదు మాటలకు లోపే, మర్యాదగానే ఉంది. పదో నంబరుకు రెండు వారాల సిక్ లీవు మంజూరైంది. ఆ సమయంలో పదో నంబరు చేత ఏ పనీ చేయించరాదని ఆదేశించారు, కాబట్టి అక్కడ ఆట ఆపేశారు. టోర్నమెంటు వాయిదా పడింది.

సుక్క ఇప్పుడు లేదు. సంతలో ఎవరో మంచివాళ్లే కొన్నారని పైడమ్మ అంది. మంచివాళ్లని ఎలా తెలుసంటే, "దాని మొకం సూసి కొన్నారు, పళ్లు సూడనేదు" అంది. క్యాంటీన్‌లో పాలపొడి కలుపుతున్నారు. టీ రుచి ఎందుకు తగ్గిందో తేల్చడానికి జోగారావు గారి కింద విచారణ సంఘం వేశారు.

నాన్న మొన్న ఫోన్ చేశాడు. "నీ గరిక ఎలాగుంది?" అని అడిగాడు. పోతోందన్నాను. "మీ వోళ్లకి సెప్పు," అన్నాడు, "నలభై ఏళ్లు పీకినా పోనిది మీకాడ పోయిందంటే, వోళ్లు మామూలోళ్లు కాదు." కాస్త మెచ్చుకోలుగానే అన్నాడు.

మీరు ఆ వైపు ఎప్పుడైనా ఆటకొచ్చి, మీ బంతి ఏడో గ్రీన్ పక్క ఇసుక గుంటలో పడితే చిరాకుపడకండి. అక్కడ తలకు తువ్వాలు చుట్టుకుని ఒకావిడ నిలబడి ఉంటుంది. మీ అడుగుల మీద ఇసుక సర్దుతుంది. ఆవిడ పేరు పైడమ్మ, దయచేసి గుర్తు పెట్టుకోండి. మా సంస్థలో గడ్డి తిన్నామని ఒప్పుకున్నది ఆవిడ ఒక్కతే. ఆ తిన్నది కూడా ఆవిడ కాదు.